ఇంటికొచ్చిన ఓటు

మా అత్తకి ఎన్నికలంటే ఉన్న మోజు పార్టీల వాళ్ళకి కూడా ఉండదని చాలా ఏళ్ళు ఎగతాళి చేశాను. ఎన్నికల తేదీ వచ్చిందని టీవీలో చెప్పగానే ఆవిడ పెట్టెలోంచి నేత చీర తీసి ఎండలో ఆరేసేది. ఎవరు నిలబడ్డారో, ఎవరు గెలుస్తారో ఆవిడకి అక్కర్లేదు. ఏ గుర్తుకి వేస్తావత్తా అని అడిగితే, "ఏదో ఒకదానికి ఏత్తానులే, నీకెందుకు పంతులమ్మా" అనేది. బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని కాబట్టి ఆ ఇంట అడుగుపెట్టిన రోజు నుంచీ ఆవిడ నోట నేను పంతులమ్మనే.

మాది గాజువాక దగ్గర నిర్వాసితుల కాలనీ. స్టీల్ ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు మా అత్తవారి ఊరిని విడగొట్టి, ఎవరికి ఎక్కడ స్థలం వస్తే అక్కడికి పంపించేశారు. నేను ఎలమంచిలిలో పుట్టి పెరిగినదాన్ని. నాకు పెళ్ళయ్యేసరికే ఆ ఊరు లేదు. ఉన్నదల్లా ఆ ఊరి తగాదాలు.

మా అత్తా, ఆవిడ చెల్లెలూ ఒక తల్లి పిల్లలు. ఇద్దరినీ ఒకే ఇంటి అన్నదమ్ములకి ఇచ్చి చేశారు. అందుకని ఇద్దరూ అక్కాచెల్లెళ్ళూ, తోటికోడళ్ళూ కూడా. నాకు ఆ చెల్లెలు చిన్నత్త. భూములు పోయినప్పుడు కుటుంబానికో ఉద్యోగం అన్నారు. అన్నదమ్ములిద్దరూ అప్పటికి ఒకే పొయ్యి మీద వండుకు తింటున్నారు కాబట్టి ఇద్దరిదీ ఒకే కుటుంబమని రాసుకున్నారు. ఉద్యోగం ఒకటే వచ్చింది. అది పెద్దవాడి కొడుక్కి, అంటే మా ఆయనకి వచ్చింది. రెండోది వస్తే నీ కొడుక్కేరా అని మా మామ తమ్ముడితో అన్నాడట. రెండోది రాలేదు. చిన్నత్త కొడుకు ఇవాళ్టికీ పోర్టులో కాంట్రాక్టు పనే చేస్తున్నాడు.

ఊరమ్మవారి రాయిని పాత ఊరి నుంచి పెకలించి లారీ ఎక్కిస్తున్న రోజున, ఆ రాయి మీద చెయ్యి పెట్టి చిన్నమామ ఒట్టు వేశాడు. మా గడప మీరు తొక్కినా, మీ గడప మేము తొక్కినా రెండిళ్ళ కొడుకుల తలలూ పగిలిపోవాలని. కోపంలో మనిషి తన తల మీద వేసుకుంటే సరిపోయేది. పిల్లల తలల మీద వేశాడు. ఒట్టు వేసిన మనిషి బతికుంటే కాళ్ళు పట్టుకునైనా దాన్ని తీయించుకోవచ్చు. ఆయన అది తీయకుండానే పోయాడు. మా మామ తమ్ముడి చావుకి వెళ్ళలేదు. తరవాత ఈయన పోతే వాళ్ళెవరూ రాలేదు. మిగిలిన ఆడవాళ్ళిద్దరూ, ఎవరి కొడుకు తల వాళ్ళు కాచుకుంటూ, రెండు కాలనీల్లో ఉండిపోయారు. మధ్యలో ఒక పెద్ద రోడ్డు, ఒక మునిసిపల్ బడి. అంతే దూరం.

నా మొదటి ఓటు ఆ బడిలోనే. పెళ్ళయిన మరుసటేడు. పొద్దున్నే వెళ్తే ఎండ ముదరకుండా వచ్చేయొచ్చని నేనంటే, మా అత్త మెల్లగా తయారై, మెల్లగా నడిచి, వరసలో నిలబడ్డాక వెనకనున్న వాళ్ళందరినీ ముందుకు పంపడం మొదలుపెట్టింది. "నువ్వెల్లమ్మా, సంటిపిల్లతో ఉన్నావు." "నువ్వెల్లు, నీ పొయ్యి మీద అన్నమున్నాది." వాళ్ళు దణ్ణాలు పెడుతూ ముందుకు పోతున్నారు. నా మాడు కాలిపోతోంది. ఈవిడ దానకర్ణత్వం ఇవాళే పుట్టుకొచ్చిందా అని లోపల ఒకటే మంట.

అప్పుడు ఒక పొట్టి మనిషి, నుదుటిన ఇంత బొట్టుతో, ఆయాసపడుతూ వచ్చి మా వెనకే నిలబడింది. మా అత్త వెనక్కి తిరగలేదు. ముందుకే చూస్తూ, "మోకాలెలగున్నాది?" అంది. వెనక నుంచి, "అలగే ఉన్నాది. నీ దగ్గు?" అని జవాబొచ్చింది. ఆ తరవాత ఇద్దరూ కలిసి ఊళ్ళోవాళ్ళని ముందుకు పంపడం మొదలుపెట్టారు. ఎవరికి పిల్లలు పుట్టారు, ఎవరు పోయారు, ఎవరి కోడలు ఎలాంటిది, అన్నీ అయ్యాయి. ఎలాంటిది అన్న దగ్గర నన్ను ఓసారి ఎగాదిగా చూశారు. బడి వరండాలోంచి ప్లాంటు చిమ్నీలు కనిపిస్తాయి. తమ చోళ్ళ చేను ఏ చిమ్నీ కింద పడిందో అని ఇద్దరూ వాదించుకున్నారు. ఈవిడ ఎడమ పక్కదంటుంది, ఆవిడ కాదు దాని వెనకదంటుంది. తగాదా గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఇక వెనక ఎవరూ మిగలక ఓటు వేసి బయటికొచ్చారు. గేటు దగ్గర ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చాక అడిగాను, ఇదేమైనా బాగుందా అని.

"ఒరసకి గడపేటి ఉన్నాది?" అంది మా అత్త. "బడి సర్కారుది. సర్కారు గడప తొక్కితే ఎవుడి తలా పగల్దు."

అంత చక్కని లెక్క నేను బడిలో ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఎగతాళి చేయడం మానలేదు గానీ, ఓటుకి వెళ్ళినప్పుడల్లా గొడుగూ, మంచినీళ్ళ సీసా నేనే పట్టుకెళ్ళేదాన్ని.

అలాగని ఓట్లప్పుడు మాత్రమే కలిసేవారని కాదు. రేషన్ డిపో దగ్గర కలిసేవారు, పెన్షన్ ఇచ్చే చోట కలిసేవారు. ప్రభుత్వం వరసలో నిలబెట్టే ప్రతి చోటూ వాళ్ళకి పుట్టిల్లే. ఆ తరవాత ముసలివాళ్ళని ఎండలో నిలబెట్టడం పాపమని ప్రభుత్వాలకి తోచింది. పెన్షన్ ఇంటికే వచ్చింది. బియ్యం బండి వీధిలోకే వచ్చింది. ఊరంతా సంతోషించింది, నేనూ సంతోషించాను. మా అత్త పెన్షన్ తెచ్చిన పిల్లని, "మీకేటి పని పాటా నేదా" అని కసిరింది. ఎందుకు కసిరిందో ఆ పిల్లకి ఎలా తెలుస్తుంది?

చిన్నత్త ఇంట్లో ఫోను ఉంది. అది కొడుకు జేబులో ఉంటుంది. ఆ కొడుక్కి మా ఇంటి పేరెత్తితేనే మొహం మాడిపోతుంది. తన తప్పు లేకుండా పోయిన ఉద్యోగం కదా, మాడకేం చేస్తుంది! అమ్మవారి పండక్కి కూడా పెద్దింటివాళ్ళు మొదటి రోజు, చిన్నింటివాళ్ళు రెండో రోజు వెళ్ళేలా ఎప్పుడో ఏర్పాటైపోయింది. పోను పోను కాళ్ళు కూడా సాగక, ఇద్దరికీ ఓట్ల వరస ఒక్కటే మిగిలింది. మా రాష్ట్రంలో ఢిల్లీ ఓటూ, అసెంబ్లీ ఓటూ ఒకే రోజున వస్తాయి. కార్పొరేషన్ ఓట్లేమో ఏళ్ళకేళ్ళు పెట్టకుండా సాగదీసి సాగదీసి పెట్టారు. వచ్చినప్పుడు మాత్రం ఇద్దరూ కరువుతీరా నిలబడ్డారు.

పోయిన పెద్ద ఎన్నికలకి ముందు, మా వీధి ఓటర్ల పని చూసే అంగన్‌వాడీ టీచరు ఇంటికొచ్చింది. ఎనభై అయిదు దాటినవాళ్ళు ఇంట్లోనే ఓటు వేయొచ్చని కొత్త నియమం వచ్చిందని, కావాలంటే కాగితం ఇస్తానని చెప్పింది. మా అత్తకి ఎనభై అయిదు దాటాయి. చిన్నత్తకి ఇంకా రాలేదు. ఈవిడ ఒప్పుకోదులే అని నేను వంటింట్లోకి వెళ్ళబోతున్నాను. ఇంతలో మా అత్త ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఓట్ల పెట్టె తెత్తారా?"

"తెస్తారు మామ్మా."

"పోలీసోడు వత్తాడా?"

"వస్తాడు. వీడియో తీసే అతను కూడా వస్తాడు."

"సాటుగా ఏసుకోడానికి అట్ట అడ్డం ఎడతారా, బడిలో ఎట్టినట్టు?"

"అన్నీ అలాగే ఉంటాయి మామ్మా. మీరు గడప దాటక్కర్లేదు."

మా అత్త బొటనవేలు ముందుకు చాపింది. నేను ఆశ్చర్యపోయాను. వయసు మీద పడింది, ఎండకి భయపడుతోంది పాపం, అనుకున్నాను. ఈ కాగితం ఇచ్చాక ఇక బడికి వెళ్ళి ఓటు వేయడం కుదరదని టీచరు చెప్పింది, నేనూ మరోసారి చెప్పాను. "బడితో పనేటి ఇంక" అంది మా అత్త. మొహం వెలిగిపోతోంది. ఎన్నో ఏళ్ళుగా ఆ మనిషిని చూస్తున్నాను, అయినా ఆ వెలుగు దేనికో నాకు అంతుపట్టలేదు.

వాళ్ళు వస్తామన్న రోజుకి వేసవి సెలవలు, నేను ఇంట్లోనే ఉన్నాను. ముందు రోజే గడప కడిగించి పసుపు రాయించింది. పండగేమిటత్తా అంటే నవ్వింది. పొద్దున్నే ముంజలమ్మే అతన్ని ఆపి, లేతవి ఏరి ఏరి తీయించి, గిన్నెలో వేసి తడిగుడ్డ కప్పింది. ఆవిడకి ముంజలంటే ఇష్టం లేదు. ఆఫీసర్లకి కాబోలు అనుకుని ఊరుకున్నాను. హాల్లో తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించింది. నేత చీర కట్టుకుని వీధి వైపు చూస్తూ కూర్చుంది.

ఆఫీసర్లు వచ్చారు. బల్ల మీద అట్ట అడ్డం పెట్టారు, పెట్టె పెట్టారు. పద్ధతి చెప్పి, రండి మామ్మగారూ అన్నారు.

"ఉండండి బాబూ, ఇంకా మనిసి రావాల" అంది మా అత్త.

ఇంట్లోవాళ్ళెవరో సాయం రావాలనుకుని వాళ్ళు కూర్చున్నారు. నేను మంచినీళ్ళిచ్చాను. కాసేపటికి ఒకాయన గడియారం చూసుకున్నాడు, ఇంకా చాలా ఇళ్ళు తిరగాలన్నాడు. ఎవరు రావాలత్తా అని నేను చెవిలో అడిగితే చెప్పలేదు. గడప వైపే చూస్తోంది. చివరికి ఆ ఆఫీసరు, ఇప్పుడు వేయకపోతే ఓటు పోతుంది మామ్మగారూ అన్నాక లేచింది. రెండు కాగితాల మీదా గుర్తు పెట్టి, కవర్లో వేయించి, లోపలికెళ్ళి పడుకుంది. సాయంత్రానికి ముంజలు పులిసిపోయాయి. పారేయమని తనే చెప్పింది.

పోలింగు రోజున నాకు పరవాడ వైపు ఒక ఊళ్ళో డ్యూటీ పడింది. నా ఓటు కూడా డ్యూటీ వాళ్ళతో పాటు ముందే వేసేశాను. ముందు రోజు బయల్దేరుతూ అడిగాను, రేపు సరదాగా బడిదాకా వెళ్ళి గేటు దగ్గరైనా నిలబడతావా, మా ఆయన ఆటోలో దింపుతాడు, చిన్నత్త కనిపిస్తుందేమో అని.

"నాను రాను" అంది. "నానెందుకెల్లాల? రాదల్చుకున్నోల్లు రానేదు, నానెల్లాలేటి?"

నాకు ఆ మాట తలా తోకా తెలియలేదు. ఓటు మిషన్ల పెట్టెలతో వెళ్ళే బస్సు దొరకదేమోనని నా కంగారు నాది. పోలింగు రోజంతా ఆవిడ వీధి తలుపు వేసుకుని కూర్చుందట. మా ఆయన డ్యూటీ దిగి వెళ్ళి ఓటేసొచ్చాడు. చిన్నత్త కనిపించిందా అంటే, ఆడవాళ్ళ వైపు చూడలేదన్నాడు. చిన్నప్పటి నుంచీ అలా చూడకుండా ఉండటం ఆయనకి అలవాటైపోయింది.

అసలు సంగతి ఓట్లు లెక్కపెట్టిన రోజున బయటపడింది. టీవీ ముందు మా ఆయన కేకలు వేస్తున్నాడు. మా అత్త మూల కూర్చుని, ఎవరితోనూ కాకుండా, "ఇంట్లో బూత్ ఎట్టినా రాని మనిసి, ఇంకెక్కడికొత్తాది" అంది. అప్పుడు నేను టీవీ కట్టేసి ఆవిడ పక్కన కూర్చున్నాను. కూర్చుని అడిగితే చెప్పింది. పెట్టె వచ్చింది, పోలీసు వచ్చాడు, అట్ట అడ్డం పెట్టారు. ఇవన్నీ ఎక్కడుంటే అదే బూత్. బూత్ ఉన్నంతసేపూ ఆ ఇల్లు సర్కారుది, గడప సర్కారుది. బడిలో ఓటేసే ముసలాళ్ళందరినీ ఆ పూట మా ఇంటికి పంపుతారు. చెల్లెలు కూడా వస్తుంది. ఒట్టు తప్పకుండా, ఎవరి తలా పగలకుండా, ఇన్నేళ్ళకి అక్క ఇంట్లో కుర్చీ మీద కూర్చుని తనకిష్టమైన ముంజలు తింటుంది.

నాకు మొదట నవ్వొచ్చింది. ఆ తరవాత నవ్వలేకపోయాను.

"అత్తా, ఇంట్లో ఓటు నీ ఒక్కదానికే. చిన్నత్తని ఎవరూ పిలవలేదు. ఆవిడకి తెలియనే తెలియదు" అన్నాను.

మా అత్త నా మొహంలోకి చూసింది. "దానికి తెల్దా?" అంది. "మరి అది బడికెల్లుంటాదా? నాకోసం సూసుంటాదా?" చూసే ఉంటుంది. ఆవిడ రెండు చేతులతోనూ తల పట్టుకుంది. "దాని మీద కోపం ఎట్టుకున్నాను పంతులమ్మా. ఇన్నాల్లూ దాన్ని తిట్టుకున్నాను."

ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే గోల. ఈ మాట చెల్లెలికి చెప్పాలి. నేను వెళ్ళి చెప్తానన్నాను. కాళ్ళు విరగ్గొడతానంది. నేను ఈ ఇంటి కోడల్ని, వాళ్ళ గడప తొక్కితే తల పగిలేది నా మొగుడిది. నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. నమ్మకం లేనిదాన్ని వెళ్ళొచ్చు కదా! మొగుడి తల అనేసరికి వెళ్ళలేకపోయాను. చివరికి రెండు కాలనీలకీ కూరగాయల తట్ట మోసే ఆవిడ చేత కబురు పంపాం. పొరపాటు జరిగింది, మీ అక్క రాకపోవడానికి కారణముంది అని చెప్పమన్నాం. మర్నాడు జవాబొచ్చింది. "ఓట్లప్పుడు సెప్పమను, ఇంటాను" అందట చిన్నత్త.

మా అత్త ఆ జవాబుకి మురిసిపోయింది. "అలగన్నాదా? అయితే కోపం తగ్గుతాదిలే" అంది. అప్పటి నుంచి ఆవిడకి ఒకటే పని. పేపరు రాగానే, "ఎలచ్చన్లు ఎప్పుడంట?" కూరలో ఉప్పు సరిపోయిందా అని నేనడిగితే, "ఎలచ్చన్లు ఎప్పుడంట?" కార్పొరేషన్ గడువు తీరాక వస్తాయత్తా అని చెప్పి చెప్పి నాకు నోరు నొప్పెట్టేది. తీరేదాకా బతకాల కదా అని ఆవిడ తులసాకులు నమిలేది. మాత్రలు ఎగ్గొట్టే మనిషి టైముకి వేసుకోవడం మొదలుపెట్టింది.

ఆ చలికాలంలోనే జమిలి ఎన్నికల బిల్లు పార్లమెంటులో పెట్టారు. టీవీలో రోజూ అదే చర్చ. దేశమంతా ఒకేసారి ఓట్లు పెడితే ఖర్చు కలిసొస్తుంది, బడ్జెట్ మీద భారం తగ్గుతుంది, అధికారులకి పని చేసుకునే తీరిక ఉంటుంది అని ఒకాయన. రాష్ట్రాల సంగతేమిటని ఇంకొకాయన. మా ఆయన మొదటాయన వైపు. "కరెక్టే కదే, ఏటా ఏదో ఒక ఎన్నికంటే ప్రభుత్వం డబ్బు ఎక్కణ్ణించి తేగలదు?" అన్నాడు. నేనూ కాదనలేదు. డ్యూటీలు చేసి చేసి విసిగిపోయినదాన్ని.

"అంటే ఏటి?" అంది మా అత్త.

అన్ని ఓట్లూ ఒకసారే పెడతారని మా ఆయన చెప్పాడు. కార్పొరేషన్ ఓట్లూనా అంది. బిల్లులో అది లేదు గానీ, అవి కూడా పెద్ద ఓట్ల వెనకాలే పెట్టాలని ఒక కమిటీ చెప్పిందని నేనన్నాను. బడిపంతులమ్మ నోరు కదా, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. ఆవిడ వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది.

"అలగైతే మల్ల అయిదేల్లకా?" అంది చివరికి. "అప్పటికి ఉంటామేటి మేము?"

ఇంకా చట్టం కాలేదు, పార్లమెంటు కమిటీకి వెళ్ళింది, చాలా కాలం పడుతుంది, నీ ఓట్లు నీకు ముందే వస్తాయి అని ఎంత చెప్పినా ఆవిడకి నమ్మకం చిక్కలేదు. "ఇద్దరు ముసిలోల్లు సూసుకోడానికి ఎంత కర్సవుతాదిరా?" అని కొడుకుని అడిగింది. మా ఆయన బనీను సర్దుకుని బయటికెళ్ళిపోయాడు. ఆ ప్రశ్నకి టీవీలో కూర్చున్నవాళ్ళయినా ఏం చెప్తారు? అంత పెద్ద లెక్కల్లో ఇలాంటి వరస ఒకటుందని ఎవరికి తెలుస్తుంది?

కార్పొరేషన్ ఓట్లు ఇదిగో అదిగో అంటూనే ఉన్నారు. ఒక పొద్దున్న కూరగాయల ఆవిడ తట్ట దించకుండా గుమ్మంలో నిలబడింది. రాత్రి నిద్రలోనే చిన్నత్త పోయిందని చెప్పింది.

నేను మా అత్త పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఆటో పిలువు పంతులమ్మా" అంది.

"అత్తా, గడప..." అన్నాను.

"గడప కాడికి కాదు. దించే కాడికి."

మా వైపు పాడెని శ్మశానానికి తీసుకెళ్తూ దారి మధ్యలో ఒకచోట దించుతారు. దింపుడు కళ్ళం అంటారు. ప్రాణం ఎక్కడైనా కొట్టుకుంటోందేమోనని, దగ్గరివాళ్ళు చెవిలో మూడుసార్లు పిలుస్తారు. పిలిచేది మగవాళ్ళే. ఆడవాళ్ళు ఇంటి దగ్గరే ఆగిపోతారు. ఆ మాట మా అత్తకి చెప్పే ధైర్యం నాకు లేదు, చెప్పాలనీ అనిపించలేదు. మా ఆయన ఊళ్ళో లేడు. పెద్ద రోడ్డు దాటాక, శ్మశానం దారి మలుపులో ఆటో ఆపించి ఇద్దరం కూర్చున్నాం. ప్లాంటు బస్సులు పోతున్నాయి, బొగ్గు లారీలు పోతున్నాయి. మా అత్త వచ్చే దారి వైపు చూస్తూ కూర్చుంది.

డప్పులు వినిపించాయి. పాడె మలుపు దగ్గరికొచ్చి ఆగింది. దించారు. చిన్నత్త కొడుకు కుండ పక్కన పెట్టి వంగబోయాడు. మా అత్త అప్పటికే ఆటో దిగింది. నేను రెక్క పట్టుకోబోతే విదిలించుకుంది. ఆడవాళ్ళు ఇక్కడికేటి అని ఎవరో పెద్దాయన గొణిగాడు. ఆ కొడుకు తల ఎత్తి చూశాడు. ఎదురుపడితే మొహం తిప్పుకునే మనిషి. లేచి, పక్కకి జరిగి చోటిచ్చాడు.

మా అత్త రోడ్డు మీదే కూలబడి, చెల్లెలి చెవి దగ్గర నోరు పెట్టింది.

"ఓలి సెల్లీ, నానొచ్చినాను."

మూడుసార్లు పిలిచింది. పిలిచి, మనిషి లేస్తుందేమో అన్నట్టు ప్రతిసారీ ఆగి మొహంలోకి చూసింది. మూడోసారి అయ్యాక మోసేవాళ్ళు వంగారు. ఆవిడ లేవలేదు. "నిన్ను కూడా పిలిసినారనుకున్నానే. మనింటికొత్తావనుకున్నాను. కుర్సీ ఏయించినాను. నువ్వు రానేదని కోపమొచ్చి బడికి రానేదు. అంతేనే. అంతే తప్ప మరేటి నేదే" అని చెప్తూనే ఉంది. డప్పులవాళ్ళు డప్పులు కిందికి దించేశారు. ఎవరో తొందరపెట్టబోతే, "సెప్పనీండి" అన్నాడు ఆ కొడుకు.

ఆవిడ చెప్పడం అయిపోయాక అతను నా వైపు తిరిగాడు. ఇన్నేళ్ళలో అతను నాతో మాట్లాడటం అదే మొదలు.

"ఆ రోజు అమ్మ ఓటెయ్యనేదు వదినా. పొద్దున్నెల్లి, పొద్దు గుంకి గేటేసీదాకా బడి మెట్ల మీదే కూకున్నాది. నానెల్లి రమ్మంటే, మా అప్ప వచ్చినాక ఒరస్లో నిలబడతాను, నువ్వు పో అన్నాది. సీకటడ్డాక ఎత్తుకొచ్చినట్టు తీసుకొచ్చినాను. మల్ల ఎవులితోటీ ఆ మాటెత్తనేదు."

మా అత్త విన్నది. పాడె లేచింది. వాళ్ళు మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా రోడ్డు పక్కన నిలబడి, అప్పుడు నా భుజం పట్టుకుని ఆటో ఎక్కింది. సగం దారిలో, "దానికి కోపం రానేదు పంతులమ్మా" అంది. "కోపమొత్తే ఓటేసి ఎల్లిపోయీదే." అని, నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. అంత పెద్ద మనిషి అలా ఏడుస్తుంటే ఆటో అతను అద్దంలో చూసి బండి నెమ్మది చేశాడు. నాకూ దుఃఖం ఆగలేదు. ఇంటికొచ్చాక బావి గట్టు లేని మా కాలనీ ఇంట్లో, పెరటి కుళాయి కింద ఇద్దరం తలారా స్నానం చేశాం.

అంగన్‌వాడీ టీచరు మొన్న మళ్ళీ వచ్చింది. ఓటర్ల పేర్లు సరిచూస్తున్నారట. మామ్మగారికి ఈసారి కూడా ఇంట్లోనే ఓటు పెట్టించమంటారా అని నన్నడిగింది. మా అత్త పక్క గదిలోనే ఉంది, వినే ఉంటుంది. చిన్నత్త పోయిన రోజు నుంచీ ఆవిడ ఎన్నికలు ఎప్పుడని నన్ను అడగలేదు.